మందు ఆపి ఉంచే ఆ పన్నెండు వారాలు

ప్రకాశం జిల్లా నుంచి 42 ఏళ్ల పాఠకురాలు ఒకరు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. ఆమె ఒక ప్రైవేటు జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తారు. మూడేళ్ల కిందట కాలి చెప్పు తెలియకుండానే జారిపోవడంతో మొదలైన ఇబ్బంది నాలుగు నెలలు తిరిగేసరికి బస్సు మెట్టు ఎక్కలేకపోవడం, జడ వేసుకోవడానికి చెయ్యి పైకెత్తలేకపోవడం, వేళ్ల మధ్య సుద్దముక్క నిలవకపోవడం దాకా వచ్చింది. డిస్కు జారిందని ఒకరు, బి12 తక్కువైందని ఇంకొకరు వైద్యం చేస్తుండగా ఎనిమిది నెలలు గడిచిపోయాయి. చివరికి హైదరాబాద్‌లో ఒక న్యూరాలజిస్టు నరాల వాహకత పరీక్ష, వెన్నునీటి పరీక్ష చేయించి, ఇది క్రానిక్ ఇన్‌ఫ్లమేటరీ డీమైలినేటింగ్ పాలీన్యూరోపతీ, అంటే సీఐడీపీ అనే అరుదైన నరాల జబ్బు అని తేల్చారు. స్టెరాయిడ్లతో బలం కొంత వచ్చినా చక్కెర బాగా పెరగడంతో వాటిని తగ్గించి, నాలుగు వారాలకోసారి రక్తనాళంలోకి ఎక్కించే, దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబ్యులిన్‌కు, అందరూ ఐవీఐజీ అనేదానికి మార్చారు. దానితో ఆమె మళ్లీ నిలబడి పాఠం చెబుతున్నారు. అయితే అరవై కిలోల మనిషికి విడతకు పన్నెండు సీసాలు, లక్షా ముప్పై వేల రూపాయలు. అయిదు లక్షల బీమా నాలుగు విడతలకే అయిపోతోంది. భర్త తన వాటాకు వచ్చిన పొలం అమ్మారు.

ఇప్పుడు అదే డాక్టరు గారు ఒక కొత్త మందు మీద జరుగుతున్న మూడో దశ క్లినికల్ ట్రయల్‌లో చేరతారా అని అడిగారు. అందులో ముందుగా ఐవీఐజీ ఆపేసి, జబ్బు తిరగబెడుతుందేమో పన్నెండు వారాల వరకు చూస్తారు. బలం తగ్గినట్టు తేలితే వారానికోసారి చర్మం కింద కొత్త మందు ఇస్తారు. దానితో మెరుగైన వాళ్లను చీటీ వేసినట్టు రెండు భాగాలుగా విడదీసి, సగం మందికి అసలు మందు, సగం మందికి మందులేని సూది 48 వారాల వరకు ఇస్తారు. మందులూ పరీక్షలూ అన్నీ ఉచితం. భర్త "దేవుడే పంపిన అవకాశం" అంటున్నారు. అన్నయ్య "నిన్ను ఎలుకను చేసి ఆడుకుంటారు, సగం మందికి ఉప్పునీళ్లే కదా" అంటున్నారు. ఆమెకేమో, ఒకసారి డబ్బు సమకూరక విడత రెండు వారాలు ఆలస్యమైనప్పుడు స్నానాల గదిలో కూలబడిపోయిన రోజు కళ్ల ముందు నుంచి పోవడం లేదు. "నన్ను నిలబెట్టిన డాక్టరు గారిని కాదనడం ఎలా? పొలం అమ్మిన మనిషి ముఖం చూడడం ఎలా? మంగళవారంలోగా సంతకం పెట్టమన్నారు. చేరాలా, వద్దా, ఒక్క మాటలో చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

ఒక్క మాటలో చెప్పగలిగితే నాకూ సంతోషంగానే ఉండేది. కాని మీ ఉత్తరంలో ఒకటి కాదు, మూడు ప్రశ్నలు పెనవేసుకుని ఉన్నాయి. ఈ కొత్త మందు పనిచేస్తుందా అన్నది ఒకటి. పాత మందు ఖర్చు ఇక ఎలా భరించాలన్నది రెండోది. భర్తకూ డాక్టరుకూ పడ్డ రుణం ఎలా తీర్చుకోవాలన్నది మూడోది. ట్రయల్ అనేది వీటిలో మొదటి ప్రశ్నకు మాత్రమే జవాబు వెతుకుతుంది. మీరు దాన్ని రెండో, మూడో ప్రశ్నలకు జవాబుగా చూస్తున్నారేమోనని నాకు అనుమానం. ఆ ముడి విప్పకుండా సంతకం పెట్టినా, పెట్టకపోయినా తరువాత మీరు బాధపడతారని నా భయం.

నేను డాక్టరును కాను. ట్రయళ్లను ముందుగా పరిశీలించి ఆమోదించే ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఒకదానిలో వైద్యంతో సంబంధం లేని సామాన్య సభ్యురాలిగా ఆరేళ్లు కూర్చున్నాను. మన దేశపు నిబంధనల ప్రకారం ప్రతి ఎథిక్స్ కమిటీలోనూ అలాంటి సభ్యులు ఒకరైనా ఉండాలి, సభ్యులలో సగం మంది ఆ సంస్థతో సంబంధం లేనివారై ఉండాలి. మీ ముందున్నలాంటి ఇరవై ఎనిమిది పేజీల సమ్మతి పత్రాలను ఆ ఆరేళ్లలో చాలా చదివాను. ఇప్పుడు చెప్పేదంతా అక్కడ నేర్చుకున్నదే.

మొదట శరీరంలో జరుగుతున్నదేమిటో చూద్దాం. మీరు భౌతికశాస్త్రం చెబుతారు కాబట్టి ఇది మీకు నాకన్నా బాగా అర్థమవుతుంది. తీగ మీది తొడుగులాగా నరం మీద మైలిన్ అనే పొర ఉంటుంది. సీఐడీపీలో శరీరపు రక్షణ వ్యవస్థే ఆ పొర మీద దాడి చేస్తుంది; సంకేతం మందగిస్తుంది, దారిలో ఆగిపోతుంది, కండరానికి ఆజ్ఞ అందదు. మైలిన్‌కు మళ్లీ పెరిగే గుణం ఉండడం వల్లనే మీరు తిరిగి నిలబడగలిగారు. అయితే దాడి ఎక్కువ కాలం సాగితే తొడుగుతో పాటు లోపలి తీగ, అంటే ఆక్సాన్ కూడా దెబ్బతింటుంది, ఆ నష్టం నెమ్మదిగా, చాలాసార్లు అరకొరగా మాత్రమే పూడుతుంది. మీ నిర్ణయంలో అసలు బరువు ఉన్నది ఇక్కడే. మందు లేకుండా గడిపే రోజులు ఎన్ని, బలం తగ్గడం మొదలయ్యాక ఎంత త్వరగా చికిత్స తిరిగి అందుతుంది అన్న రెండింటి ముందు, ఉప్పునీళ్లా అసలు మందా అన్న మీ అన్నయ్య ప్రశ్న కూడా చిన్నదే. (మీ అమ్మాయికి వస్తుందేమోనని ఉత్తరం మధ్యలో ఒక వాక్యం రాశారు. సీఐడీపీ వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. ఆ దిగులు పెట్టుకోకండి.)

ఇక కొత్త మందు సంగతి. మీరు రాసిన వివరాలను బట్టి అది ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే మందుల వర్గానికి చెందినది. మన రక్తంలోని ఐజీజీ యాంటీబాడీలు విచ్ఛిన్నం కాకుండా తిరిగి రక్తంలోకి చేర్చేది ఆ ప్రోటీన్. దాన్ని అడ్డుకుంటే యాంటీబాడీల మోతాదు తగ్గుతుంది, నరాల మీద దాడి చేసేవి కూడా వాటితో పాటే తగ్గుతాయి. ఈ వర్గంలో మొదటి మందు ఎఫ్‌గార్టిగిమాడ్‌కు అమెరికాలో 2021 డిసెంబరులో మయస్థీనియా గ్రేవిస్ అనే మరో కండరాల బలహీనత జబ్బుకూ, 2024 జూన్‌లో సీఐడీపీకీ అనుమతి వచ్చింది. సీఐడీపీ అనుమతికి ఆధారమైన అధ్యయనం పేరు అడ్‌హియర్. మీకు ఇవ్వజూపుతున్న ట్రయల్ కూడా దాని పద్ధతిలోనే ఉంది కాబట్టి ఆ అంకెలు చెబుతాను. అందులో 322 మందికి కొత్త మందు ఇస్తే దాదాపు మూడింట రెండు వంతుల మందిలో మెరుగుదల కనిపించింది. తరువాత రెండు భాగాలు చేసినప్పుడు మందు కొనసాగిన 111 మందిలో సుమారు 28 శాతానికి, మందులేని సూది తీసుకున్న 110 మందిలో సుమారు 54 శాతానికి జబ్బు తిరగబెట్టింది.

ఈ అంకెలను మీ భర్త ఒకలాగా, మీ అన్నయ్య మరొకలాగా చదువుతారు, ఇద్దరూ చదివేది నిజమే. మందు పనిచేస్తుందన్నది నిజం. అందరికీ పనిచేయదన్నదీ నిజం: మూడింట ఒక వంతు మందిలో రెండు భాగాలు చేయకముందే ఆశించిన మెరుగుదల రాలేదు, మెరుగైన వాళ్లలోనూ మందు తీసుకుంటూ ఉండగానే కొందరికి తిరగబెట్టింది. పైగా మీకు ఇవ్వబోయేది ఎఫ్‌గార్టిగిమాడ్ కాదు, అదే వర్గానికి చెందిన వేరే మందు. తోబుట్టువు మార్కులు చూసి మరో పిల్లకు ర్యాంకు ఇవ్వనట్టే, ఆ ఫలితాన్ని ఈ మందుకు అరువు తెచ్చుకోకూడదు. ఇదే వర్గంలోని రొజానోలిక్సిజుమాబ్ అనే మందును సీఐడీపీ ఉన్న 34 మందిలో పరీక్షించినప్పుడు మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ట్రయల్ పెడుతున్నారంటేనే జవాబు ఇంకా ఎవరికీ తెలియదని అర్థం. మీ డాక్టరు గారికి కూడా తెలియదు. తెలిసిపోయి ఉంటే ఈ ట్రయల్ పెట్టడమే తప్పయ్యేది.

పనిచేస్తున్న మందును ఎందుకు ఆపమంటున్నారని మీరు కోపంగా అడిగారు. కోపం న్యాయమైనదే, కాని కారణమూ ఉంది. సీఐడీపీ ఉన్నవాళ్లలో కొందరికి జబ్బు తనంతట తానే సద్దుమణిగి ఉంటుంది. అయినా ఆపితే ఏమవుతుందోనన్న భయంతో ఏళ్ల తరబడి ఐవీఐజీ ఎక్కించుకుంటూనే ఉంటారు. పాత్ అనే మరో అధ్యయనంలో 172 మందికి ఐవీఐజీ ఆపి, చర్మం కింద ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను మందులేని సూదితో పోల్చి చూశారు. మందులేని సూది పడిన వాళ్లలో 63 శాతం మందికి తిరగబెట్టింది, లేదా వాళ్లు మధ్యలో మానుకున్నారు. మిగతా వాళ్లు ఆ ఆరు నెలలూ మందు లేకుండానే నిలిచారు. అలా జబ్బు సద్దుమణిగినవాళ్లు కొత్త మందు ట్రయల్‌లో చేరితే, మందు వల్ల కాని మేలును మందు ఖాతాలో రాసేస్తారు. వాళ్లను వడకట్టడానికే ఆ పన్నెండు వారాలు. పరిశోధనకు అది అవసరం. మీకు అవసరమా అంటే, మీ విషయంలో జవాబు సగం ఇప్పటికే తెలుసు: రెండు వారాల ఆలస్యానికే మీరు కూలబడ్డారు. మీ జబ్బు సద్దుమణిగి లేదని చెప్పడానికి దాదాపు అదే చాలు. ఈ సంగతి మీరు డాక్టరు గారికి చెప్పారో లేదో ఉత్తరంలో లేదు. చెప్పకపోయి ఉంటే తేదీతో సహా చెప్పండి. కొన్ని ట్రయళ్లలో ఈమధ్యే తిరగబెట్టినట్టు రికార్డు ఉన్నవాళ్లకు ఈ ఎదురుచూపు దశ అక్కర్లేకుండా పోవచ్చు, లేదా బాగా కుదించవచ్చు. మీ ట్రయల్ ప్రొటోకాల్‌లో, అంటే ట్రయల్ నడిపే విధానం రాసిన పత్రంలో, అలాంటి వెసులుబాటు ఉందేమో అడగండి. లేకపోతే, మీలాంటి వ్యక్తికి పన్నెండు వారాలూ పట్టే అవకాశం తక్కువే. కొద్ది వారాల్లోనే బలం తగ్గుతుంది, అప్పుడు కొత్త మందు మొదలవుతుంది. కాని ఆ తగ్గుదలను ఎవరు, ఎన్ని రోజులకోసారి, దేనితో కొలుస్తారు? మీరు ఫోన్ చేసిన రోజునే చూస్తారా, లేక తదుపరి విజిట్ తేదీ దాకా ఆగమంటారా? మిగతా ఇరవై ఏడు పేజీల కన్నా ఈ ఒక్క జవాబుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

దానికి ఆనుకునే మరొకటి ఉంది. కొత్త మందు మీకు పనిచేయకపోతే, లేదా రెండు భాగాలు చేసినప్పుడు మందులేని సూది పడి మళ్లీ తిరగబెడితే, ఐవీఐజీ తిరిగి ఎవరు ఇస్తారు, ఎవరి ఖర్చుతో, ఎన్ని రోజుల్లో? ట్రయళ్ల భాషలో దీన్ని రెస్క్యూ అంటారు. ఇది ప్రొటోకాల్‌లో రాసి ఉందా అన్నది కేవలం మర్యాద విషయం కాదు, చట్టం విషయం. 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ట్రయల్ కారణంగా హాని జరిగితే స్పాన్సర్, అంటే ట్రయల్ పెట్టిస్తున్న సంస్థ, ఉచిత వైద్యమూ నష్టపరిహారమూ ఇవ్వాలి. ప్రొటోకాల్‌లో ఉన్న ప్రామాణిక చికిత్సను లేదా రెస్క్యూ మందును, అందుబాటులో ఉండి కూడా ఇవ్వకపోవడం వల్ల కలిగిన నష్టం కూడా ఆ హాని కిందికే వస్తుంది. "అందుబాటులో ఉండి", "ప్రొటోకాల్ ప్రకారం" అన్న మాటలు గమనించండి. కాగితం మీద లేని రెస్క్యూ గురించి ట్రయల్ పనులు చూసే కోఆర్డినేటర్ నోటితో ఇచ్చిన హామీ రేపు ఏ కమిటీ ముందూ నిలబడదు. ఆ పేజీ ఎక్కడుందో చూపించమని అడగండి; చూపించలేకపోతే అప్పుడు చేరవద్దనే చెబుతాను. మీ ఉత్తరం మొత్తంలో నేను ఇంత గట్టిగా చెప్పగలిగేది ఇదొక్కటే.

ట్రయల్ అయిపోయాక ఏమిటి? మీ భర్త ఉచితం అన్న మాటను ఇకపై జీవితాంతం ఉచితం అన్నట్టు విన్నారేమో. ట్రయల్ తరువాత కూడా మందును ఉచితంగా ఇవ్వాలని మన నిబంధనల్లో ఉంది గాని, అది ప్రత్యామ్నాయ చికిత్స లేని జబ్బుల విషయంలో వర్తించేది. మీ జబ్బుకు ఐవీఐజీ ఉంది, స్టెరాయిడ్లున్నాయి, ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం) ఉంది. అందువల్ల చట్టం మీ తరఫున పట్టుబట్టకపోవచ్చు. అలాంటి ట్రయళ్లకు కొనసాగింపుగా అందరికీ అసలు మందే ఇచ్చే మరో దశను కొన్ని కంపెనీలు నడుపుతాయి. మీ పత్రంలో అది ఉందో లేదో, ఉంటే ఎంతకాలమో చూడండి. ఏడాదిన్నర తరువాత మందు మీకు చక్కగా పనిచేస్తుండగా కొనసాగింపు ఆగిపోతే, మీరు మళ్లీ లక్షా ముప్పై వేల దగ్గరే నిలబడతారు. అంతవరకు మిగిలిన డబ్బు చిన్నది కాదని నాకు తెలుసు; అయినా అది వాయిదా మాత్రమే.

మీ అన్నయ్య మాటలను మీరు మొరటుతనంగా కొట్టిపారేశారు. నేను అలా చేయను. మన తెలుగు నేల మీద ఆ భయానికి కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా మీద జరిగిన అధ్యయనంలో గిరిజన హాస్టళ్ల పిల్లలకు తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసినట్టు తరువాత బయటపడింది, 2010లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది, పార్లమెంటు కమిటీ తీవ్రంగా తప్పుపట్టింది. ఆ తరువాతే మన నిబంధనలు గట్టిపడ్డాయి. ఇప్పుడు ట్రయల్‌లో తీవ్రమైన హాని ఏది జరిగినా పరిశోధకుడు 24 గంటల్లో నియంత్రణ సంస్థకూ స్పాన్సర్‌కూ ఎథిక్స్ కమిటీకీ తెలియజేయాలి. ప్రతి ట్రయల్‌ను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలన్నది 2009 జూన్ నుంచే ఉన్న నియమం. అందులో ట్రయల్ పేరుతో వెతికితే స్పాన్సర్ ఎవరు, ఎన్ని ఆసుపత్రుల్లో, ఎంతమందితో జరుగుతోంది, మీ ఆసుపత్రి కమిటీ ఆమోదించిందా అన్నవన్నీ ఎవరైనా చూడవచ్చు. ఆ పని మీ అన్నయ్యకే అప్పగించండి. అనుమానం ఉన్న మనిషి శ్రద్ధగా చదువుతాడు, మీకు అలాంటి చదువరి ఒకరు కావాలి.

సమ్మతి పత్రం ఇంగ్లిషులో ఇచ్చారని రాశారు. మీకు ఇంగ్లిషు వచ్చు, అయినా తెలుగు ప్రతి అడగండి. మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వడం వాళ్ల బాధ్యత; మీ భర్తా అత్తగారూ చదవగలిగేది కూడా ఆ ప్రతే. అందులో వృత్తి, ఏడాది ఆదాయం, నామినీ పేరు రాయమనే గడులుంటాయి. నామినీ గడి చూసి చాలామంది గుండె జారిపోతారు. ట్రయల్ వల్ల మరణం సంభవిస్తే పరిహారం ఎవరికి అందాలో తెలియడానికి చట్టం అడిగే వివరం అది, ప్రతి ట్రయల్‌లోనూ ఉంటుంది, మీ ప్రమాదం ఎంతో అది చెప్పదు. సంతకాలన్నీ అయిన పత్రం ఒక ప్రతి మీ చేతికి రావాలి. ఇక మంగళవారం గడువు: చదివి, ఇంటికి తీసుకెళ్లి, మరొకరిని అడిగి నిర్ణయించుకునే సమయం ఇవ్వడం సమ్మతిలో భాగమే. ట్రయల్‌లో ఖాళీలు నిండిపోతున్నాయని తొందరపెడితే, ఆ తొందర వాళ్లది, మీది కాదు.

ఇప్పుడు మూడో ప్రశ్నకు వస్తాను, రాయడం కష్టమైనా. డాక్టరు గారిని కాదనలేకపోతున్నానని మూడు చోట్ల రాశారు. ఎనిమిది నెలలు ఎవరికీ అంతుపట్టని జబ్బును పట్టుకున్న మనిషి పట్ల ఆ కృతజ్ఞత సహజమే. కాని ఈ విషయంలో ఆయన రెండు కుర్చీల్లో కూర్చున్నారు: ఒకదాంట్లో మీ వైద్యుడు, ఇంకోదాంట్లో ఆ ట్రయల్ పరిశోధకుడు. రెండో కుర్చీలో కూర్చోవడం తప్పు కాదు, అలాంటి వాళ్లు లేకపోతే మీ జబ్బుకు ఐవీఐజీ కూడా వచ్చి ఉండేది కాదు. అయినా ఆ ఒక్క నిర్ణయానికి ట్రయల్‌తో సంబంధం లేని మరో న్యూరాలజిస్టును అడగండి, అడుగుతున్నానని ఆయనతోనే చెప్పండి. మంచి డాక్టరు నొచ్చుకోరు. చేరనన్నందుకు మీ మామూలు వైద్యానికి లోటు రాకూడదని, చేరినా ఎప్పుడైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చని ఆ పత్రంలోనే రాసి ఉంటుంది. ఆ వాక్యం అలంకారానికి రాసింది కాదు.

మీ భర్త విషయం మరింత సున్నితం. ఆయన మిమ్మల్ని ఒత్తిడి చేయలేదు, మీరే ఆయన పొలాన్ని మీ ఒంటి మీద మోస్తున్నారు. ఈ ఉత్తరాన్ని ఆయనకు చూపించండి. ఆయన ముందు ఒక్క ప్రశ్న పెట్టండి: "ఐవీఐజీ ఉచితంగా దొరికితే నన్ను ఈ ట్రయల్‌లో చేరమని అంటారా?" ఆయన ఆగి ఆలోచించి "అనను" అంటే, మీ ఇద్దరి సమస్య ట్రయల్ కాదు, డబ్బు. డబ్బు సమస్యకు వేరే దారులు కూడా చూడాలి. మీరు రెండేళ్లుగా నిలకడగా ఉన్నారు. ఇలాంటి స్థితిలో ఐవీఐజీ మోతాదును డాక్టరు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించి, మీకు సరిపోయే కనీస మోతాదు ఎంతో కనుక్కోవడం అంగీకరించిన పద్ధతే. పన్నెండు సీసాల చోట తొమ్మిది సరిపోతే ఏడాదికి మిగిలేది చిన్న మొత్తం కాదు. అయితే డబ్బు లేక ఆలస్యం చేయడం వేరు, కొలుచుకుంటూ తగ్గించడం వేరు; మొదటిది మీరు చేశారు, ఫలితం చూశారు. స్టెరాయిడ్ల తలుపు పూర్తిగా మూసుకుపోయిందా అన్నదీ అడగండి. రోజూ మింగే మాత్రలు మీ చక్కెరను పెంచాయి. నెలకు కొద్దిరోజులే పెద్ద మోతాదులో ఇచ్చే పద్ధతి ఒకటి ఉంది, మీకు అది తగునో కాదో చెప్పాల్సింది న్యూరాలజిస్టూ చక్కెర డాక్టరూ కలిసి. ప్లాస్మా మార్పిడి కూడా మొదటి వరస చికిత్సల్లో ఒకటే, కాని అది చేసే ఆసుపత్రికి పదేపదే వెళ్లాలి, మీ ఊరి నుంచి అది తేలిక కాదు. వీటిలో ఏదీ ఉచితం కాదు. కాని మీ ముందున్నది మందు ఆపడంతో మొదలయ్యే దారి ఒక్కటే కాదని తెలిసి సంతకం పెట్టడం వేరు, తెలియక పెట్టడం వేరు.

ఇవన్నీ చూసి కూడా మీకు చేరాలనిపించవచ్చు. మీ ఉత్తరం తొమ్మిదో పేజీలో ఒక వాక్యం ఉంది: "నా తరువాత ఈ జబ్బు వచ్చే అమ్మాయి సూది వేయించుకుని అదే రోజు కాలేజీకి వెళ్లిపోగలిగితే బాగుంటుంది." నెలకు రెండు రోజులు ఆసుపత్రి మంచం మీద గడిపే మనిషి రాసిన మాట అది. ట్రయల్‌లో చేరడానికి అంతకన్నా గౌరవమైన కారణం నాకు తెలియదు, అది మీ భర్త కారణమూ కాదు, డాక్టరు కారణమూ కాదు. ఆ కారణంతో, రెస్క్యూ పేజీ చదివి చేరితే నేను మీ పక్షాన నిలబడతాను. అప్పుడు మందు ఆపే కాలం మీ అమ్మాయి ఇంటర్ పరీక్షల మీద పడకుండా తేదీ అడగండి. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీలు ముందే బిగించుకోండి. కాలేజీలో ఒక టర్ము సెలవు గాని, కూర్చుని చెప్పే ఏర్పాటు గాని ఇప్పుడే మాట్లాడుకోండి. రోజూ ఒకే వేళకు ఒక నోటు పుస్తకంలో రాయండి: కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచారా, జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ఎంతసేపు పట్టింది, ఎన్ని మెట్లు ఎక్కారు, సుద్దముక్క నిలిచిందా. పిడికిలి బలం కొలిచే పరికరం వాళ్ల దగ్గర ఉంటుంది, కాని రెండు విజిట్ల మధ్య కొలిచేది మీ పుస్తకమే. యాంటీబాడీలు తగ్గుతాయి కాబట్టి జ్వరం, దగ్గు, మూత్రంలో మంట లాంటివి వస్తే ఆగకుండా చెప్పాలి, ఏ టీకా అయినా వాళ్లను అడిగాకే వేయించుకోవాలి. ప్రతి వారం హైదరాబాద్ రావాలా, కొన్ని సూదులు మీ ఊళ్లోనే వేయించే వీలుందా, దారి ఖర్చులు ఎవరివి అన్నవి కూడా ముందే తేల్చుకోండి. రాత్రి బస్సులో బలం తగ్గిన కాళ్లతో వారం వారం ప్రయాణం అనేది ఏ పత్రంలోనూ రాయని కష్టం.

చివరగా, మీ తదుపరి ఐవీఐజీ తేదీ వచ్చే గురువారం అని రాశారు, ఎలాగూ ట్రయల్‌లో చేరుతున్నాను కదా, ఆ విడత మానేస్తే లక్షా ముప్పై వేలు మిగులుతాయేమో అని కూడా అడిగారు. మానకండి. సమ్మతి సంతకం కాక ముందు ట్రయల్ కోసమని మీ మందు ఆపే అధికారం ఎవరికీ లేదు, మీ అంతట మీరు ఆపితే ఆ రోజుల్లో మిమ్మల్ని కొలిచేవాళ్లూ ఉండరు, ఆదుకునేవాళ్లూ ఉండరు. మంగళవారం ఫోన్ చేసి, ఇంకా చదువుతున్నానని, తెలుగు ప్రతి కావాలని చెప్పండి. గురువారం తేదీ సంగతీ వాళ్లకు చెప్పండి. గురువారం నాడు వెళ్లి మందు ఎక్కించుకోండి.